క్వింపర్‌లో వాన

మా ఆఫీసులో కొత్తగా చేరిన ఫ్రెంచి అమ్మాయిని మొన్న లంచ్ దగ్గర "మీదే ఊరు?" అని అడిగాను. "కెంపేర్" అంది. అదెక్కడో నాకు తెలియలేదు. ఫోన్ తీసి మ్యాప్ చూపించింది. ఫ్రాన్సు పటంలో పడమటి వైపు సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన చోట, ఆ ముక్కు కొసన ఒక చుక్క. పక్కనున్న అక్షరాలు కూడబలుక్కుని చదివి, నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను.

"ఓ, క్వింపర్! అయ్యో, మీకు బట్టలు ఆరవు కదా!"

ఆ అమ్మాయి చేతిలో ఫోర్కు అలాగే ఆగిపోయింది. ఆ ఊరి పేరు విన్నవాళ్ళే ఆమెకి మెల్బోర్నులో ఇంతవరకు తగల్లేదట. బట్టల సంగతి తెలిసినవాళ్ళు సరేసరి. "నువ్వెప్పుడు వెళ్ళావు?" అని అడిగింది. "నేను వెళ్ళలేదు. మా వీధిలో ఒక ఆంటీ ఉండేవారు" అన్నాను. ఈలోగా మీటింగ్ టైమైంది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను.

మెల్బోర్ను శివార్లలో, పాయింట్ కుక్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల, కొడుకు సుధీర్ దగ్గర ఉండేవారు ఆవిడ. సొంతూరు తణుకు. భర్త పోయాక ఇక్కడికి వచ్చారు. అసలు పేరు నాకు తెలుసు గాని, ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. వీధి మొత్తానికి ఆవిడ ఫ్రాన్స్ ఆంటీ. మనిషి పొట్టి. కాటన్ చీర, దాని మీద కొడుకు వదిలేసిన ఫుట్‌బాల్ క్లబ్బు జాకెట్, కాళ్ళకి గులాబీరంగు రన్నింగ్ షూస్. పొద్దున్నే మేం ముగ్గురం, అంటే ఆంటీ, నేను, ఎదురింటి వరంగల్ శ్రీలత, ఇళ్ళ వెనక ఉన్న నీటిమడుగుల చుట్టూ నడిచేవాళ్ళం.

గేటు దాటగానే ఆంటీ జాకెట్ చెయ్యి పైకి మడిచేవారు. బీపీ చూపించుకునేవాళ్ళలాగా ముంజేయి ముందుకు చాచి, కళ్ళు మూసుకుని పది అడుగులు వేసేవారు. అప్పుడు తీర్పు వచ్చేది.

"ఇది లిల్లీ చలి. ఎముకల్లోకి పోదు. ముక్కు దగ్గరే ఆగిపోద్ది."

మొదట్లో లిల్లీ అంటే ఆవిడ స్నేహితురాలనుకున్నాను. "లిల్లీకి ఏడాదంతా మబ్బే" అంటే, పాపం ఎవరో దిగులు మనిషి కాబోలనుకున్నాను. ఒక రోజు మర్యాదకి "లిల్లీ గారు ఎలా ఉన్నారాంటీ?" అని అడిగాను కూడా. "ఇవాళ తొమ్మిది డిగ్రీలు" అన్నారు. అది ఫ్రాన్సుకి ఉత్తరాన ఉన్న ఊరని తర్వాత తెలిసింది. అక్కడివాళ్ళు దాన్ని లీల్ అంటారని ఇంకా తర్వాత తెలిసింది.

ఆవిడ ముందు "ఫ్రాన్సులో చలెక్కువ కదాంటీ" అనకూడదు. ఆగిపోయేవారు. వెనక సైకిళ్ళవాళ్ళు గంటలు కొట్టినా కదిలేవారు కాదు.

"ఫ్రాన్సులో ఎక్కడ? ఇండియాలో ఉక్కగా ఉంటదా అని నిన్నెవరన్నా అడిగితే ఏం చెప్తావ్? సిమ్లాలోనా, బెజవాడలోనా?"

ఆపైన దేశం మొత్తం తిప్పి చూపించేవారు. తూర్పున స్ట్రాస్‌బర్గ్: "దగ్గర్లో సముద్రం లేదు కదమ్మా. అడిగేవాళ్ళు లేని పిల్లాడిలాగ చలికాలం మైనస్ పదికి పోద్ది, ఎండాకాలం ముప్పై అయిదుకి పోద్ది." దక్షిణాన మార్సెయిల్స్: "ఎండకేం లోటు లేదు. కానీ కొండల సందులోంచి ఒక గాలి వస్తది చూడూ, ఆరేసిన లుంగీ మళ్ళీ కంటికి కనపడదు." పడమట క్వింపర్ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవారు. "ఆర్నెల్లు వాన. మిగతా ఆర్నెల్లు తుంపర. ఉతికిన చీర మూడో రోజుక్కూడా ఆరదు."

మేం ఎంత ప్రయత్నించినా ఆవిణ్ణి వాతావరణం దాటించలేకపోయేవాళ్ళం. ఐఫిల్ టవర్ ఎంత ఎత్తుంటుందంటే "పై సగం మబ్బులో ఉంటది" అనేవారు. అక్కడి బ్రెడ్ ఎలా ఉంటుందంటే "గాల్లో తేమని బట్టి ఉంటది". ఆస్ట్రేలియా అంటే మాత్రం ఆవిడకి చిరాకు. ఇక్కడ ఉత్తరగాలి ఎడారి మీంచి సెగలు కక్కుతూ వస్తుంది, దక్షిణగాలి గజగజ వణికిస్తుంది. "దేశాన్ని తిరగేసి పెట్టారమ్మా" అని విసుక్కునేవారు.

ఆవిడ పేరు మా వీధి దాటి పాకింది శ్రీలత కొడుకు మొదటి పుట్టినరోజు నాడు. నవంబరు నెల, ఇక్కడ ఎండలు మొదలయ్యే కాలం. పార్కులో టెంటు వేయించారు, బెలూన్లతో పెద్ద తోరణం కట్టించారు. పిల్లాడి ఫొటోని నిలువెత్తు అట్టబొమ్మగా చేయించి గడ్డిలో పాతారు. ఎండ మండిపోతోంది. ఆంటీ వచ్చీ రాగానే ముంజేయి చాచారు.

"శ్రీలతా, ఈ టెంటుకి ఇంకో నాలుగు తాళ్ళు కట్టించు. మార్సెయిల్స్ గాలి వస్తంది."

"ఆంటీ, గది ఫ్రాన్స్ల ఉంటది. గిది పాయింట్ కుక్. ఫోన్ల ఎండ బొమ్మ సూపిస్తున్నది, సూడుండ్రి."

"ఫోన్‌కి చర్మం ఉందా?" అన్నారు ఆంటీ.

మూడింటికి గాలి తిరిగింది. ముందు నాప్కిన్లు లేచాయి. తర్వాత టెంటు, గిన్నె మీద మూత తీసినట్టు, నింపాదిగా పైకి లేచింది. బెలూన్ల తోరణం విడిపోయి పక్కన క్రికెట్ ఆడుతున్నవాళ్ళ మధ్యలోంచి దొర్లుకుంటూ పోయింది. బ్యాట్స్‌మన్ వికెట్లు వదిలి పక్కకి తప్పుకున్నాడు. పిల్లాడి అట్టబొమ్మ నవ్వుతూనే కారు పార్కింగ్ దాటి ఎగిరిపోయింది. బిర్యానీ ట్రేల మీద శ్రీలత భర్త కిరణ్ చేతులు చాచి బోర్లా వాలిపోయాడు. ఆంటీ ఒక టెంటు స్తంభాన్ని రెండు చేతులా కావలించుకున్నారు. ఆవిడ గులాబీరంగు షూస్ రెండుసార్లు నేల వదలడం నేను కళ్ళారా చూశాను. భయపడి అరుస్తున్నారేమోనని పరుగెత్తాను. కాదు. పట్టరాని సంతోషంతో అరుస్తున్నారు.

"చెప్పానా! మార్సెయిల్స్ అని చెప్పానా, లేదా!"

అట్టబొమ్మ మర్నాడు రెండు వీధుల అవతల ఎవరింట్లోనో పిల్లలు గెంతే ట్రాంపొలీన్ మీద దొరికింది. ఆ రోజు నుంచి గృహప్రవేశం పెట్టుకునేవాళ్ళు, ఫెన్సుకి రంగులేసేవాళ్ళు, వడియాలు పెట్టేవాళ్ళు, అందరూ ముందు ఆంటీకి ఫోన్ చేసేవాళ్ళు. సగం సార్లు ఆవిడ చెప్పింది జరిగేది కాదు. అలాంటప్పుడు ఏ మాత్రం జంకకుండా "ఇది ఫ్రాన్సులో లేని రకం" అనేవారు. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో, ఇక్కడి వేసవి చివర్లో, కిరణ్‌కి వాళ్ళ కంపెనీ రెండేళ్ళ పని మీద ఫ్రాన్సు వెళ్ళమంది. ఆహార పదార్థాలు ప్యాక్ చేసే మిషన్ల పని అతనిది. వెళ్ళాల్సిన ఊరు క్వింపర్. శ్రీలత ముఖం పాలిపోయింది. పిల్లాడికి అప్పటికే ఆయాసం. తేమ తగిలితే రాత్రంతా పిల్లికూతలు. వెళ్ళకపోతే కిరణ్‌కి మళ్ళీ ఇలాంటి అవకాశం రాదు. ఇద్దరం ఆంటీ ఇంటికి వెళ్ళాం.

"క్వింపర్‌కా?" ఆంటీ చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది. "వద్దమ్మా. గోడలు చెమరుస్తాయి. పరుపు తడుస్తది. ఈ పసివాణ్ణి తీసుకుని అక్కడికా?"

"మరి మీరెట్ల ఉన్నరాంటీ? అప్పుడు సుధీరన్న కూడ చిన్నోడే కదా. ఆయన బట్టలు ఎట్ల ఆరబెట్టిండ్రు?"

ఆంటీ టీపాయ్ మీద పేపర్లు సర్దారు. డైనింగ్ టేబుల్ దగ్గర రంగులు వేసుకుంటున్న ఏడేళ్ళ మనవరాలు తల ఎత్తకుండానే అంది: "బట్ నానమ్మా, యూ నెవర్ వెంట్ టు ఫ్రాన్స్. డాడ్ సెడ్ ఓన్లీ తాతయ్య వెంట్."

ఆంటీ లేచి, వాషింగ్ మిషన్ ఆగినట్టుంది అంటూ లోపలికి వెళ్ళిపోయారు. అసలు మిషన్ వేసి లేదు.

తర్వాత అయిదు రోజులు ఆవిడ నడకకి రాలేదు. శ్రీలత కోపంతో రగిలిపోయింది. "రెండేండ్ల సంది గా లిల్లీ, గా మార్సెయిల్స్ అన్కుంట మనల్ని తిప్పింది. ఆమె మాట నమ్మి నేను పోనని మనం ఆమె ఇంటికి పోకముందే కిరణ్ తోటి మస్తు కొట్లాడిన. ఏం ముఖం పెట్టుకొని మాట్లాడాలె ఇప్పుడు?"

ఆరో రోజు కరివేపాకు వంకతో నేనే వెళ్ళాను. ఆంటీ పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. చెయ్యి చాచి లేదు. రెండు చేతులూ జాకెట్ జేబుల్లో ఉన్నాయి.

"మోసం చేద్దామని కాదమ్మాయ్" అన్నారు. "మీరే ఫ్రాన్స్ ఆంటీ అన్నారు. వెళ్ళారా అని ఒక్కళ్ళు అడిగితే లేదనే చెప్పేదాన్ని."

నిజమే. రెండేళ్ళలో మాలో ఎవరం అడగలేదు.

అంకుల్ బాయిలర్లు బిగించే ఇంజనీరు. పెళ్ళయిన కొత్తల్లో ఒక ఫ్రెంచి కంపెనీ తరఫున అక్కడ నాలుగేళ్ళు పనిచేశారు. ఒక ఏడు లిల్లీలో బట్టల మిల్లు, ఒక ఏడు స్ట్రాస్‌బర్గ్‌లో బీరు ఫ్యాక్టరీ, ఒక ఏడు మార్సెయిల్స్‌లో సబ్బుల ఫ్యాక్టరీ, ఆఖరి ఏడు క్వింపర్‌లో చేపలు డబ్బాల్లో నింపే చోట. గుడ్డు కూడా ముట్టని మనిషి. ఆంటీ చంటిపిల్లాడితో తణుకులో ఉన్నారు. వాళ్ళింట్లో ఫోన్ లేదు. పక్కింటి మేష్టారి హాల్లో ఉండేది. ఆదివారం పదింటికి అంకుల్ చేసేవారు.

"ఏం మాట్లాడతాం చెప్పు? మేష్టారు పేపరు అడ్డం పెట్టుకుని వినేవారు. వాళ్ళావిడ బియ్యం ఏరుతూ వినేది. పిల్లలు, పనిమనిషి, వాళ్ళ బావమరిది, ఎనిమిది మంది ఉండేవారు. ఆయనకి అసలే సిగ్గు. ఎలా ఉన్నావ్ అని అడగడానిక్కూడా నోరొచ్చేది కాదు. 'వాతావరణం ఎలా ఉంది' అనేవారు. చెప్పేదాన్ని. 'మీకో' అనేదాన్ని. చెప్పేవారు. అంతే, లైను కట్టయిపోయేది."

"నాలుగేళ్ళూ అంతేనా?"

"నాలుగేళ్ళూ అంతే. ఇంటికొచ్చి సుధీర్ గాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, అట్లాసు తీసి, ఆ ఊరి మీద వేలు పెట్టుకు కూచునేదాన్ని. పుస్తకాల్లో ఏమన్నా రాశారేమో వెతుక్కునేదాన్ని. ఇంకేం తెలుసు నాకు?"

ఆ సాయంత్రం శ్రీలతకి ఇదంతా చెప్పాను. వింటూనే లేచింది. పిల్లాణ్ణి చంకనేసుకుని తిన్నగా ఆంటీ ఇంటికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను.

"ఆంటీ, నాతోని రాండ్రి" అంది గుమ్మంలోనే. "ఒక నెల నా దగ్గర ఉండుండ్రి. ఆ వాన ఉన్నదో లేదో మీ కండ్లతోని సూడుండ్రి. బాబుకు పడలేదనుకో, కిరణ్‌ను ఆడనే ఇడిసి మీతోనే వాపస్ వస్త."

సుధీర్ వీసా కాగితాలు చూశాడు. జూన్‌లో బయల్దేరారు. ఆంటీ పెట్టెలో మూడు గొడుగులు, రెయిన్‌కోటు, హెయిర్ డ్రయ్యరు, నాలుగు పొట్లాల కలరా ఉండలు ఉన్నాయి. చీరలు రెండే పట్టాయి.

మా ముగ్గురి వాట్సాప్ గ్రూపులో మొదటి రోజు ఆంటీ వాయిస్ మెసేజ్: "చేరాం. ఎండగా ఉంది. ఏదో పొరపాటున కాసుంటది."

మూడో రోజు: "ఇంకా ఎండే. శ్రీలత పొద్దున్నుంచి రెండుసార్లు బట్టలు ఉతికింది. కావాలనే."

అయిదో రోజు ఆంటీ ఏమీ పంపలేదు. శ్రీలత ఒక ఫొటో పెట్టింది. తాడు మీద ఫెళఫెళలాడుతున్న ఆంటీ చీర. కింద ఒక్క మాట రాసింది: "అప్పడం."

ఏడో రోజు ఆంటీ నాకు ఫోన్ చేశారు.

"అబద్ధం చెప్పారమ్మాయ్. ఏడాది పాటు ప్రతి ఆదివారం వాన అన్నారు. ఒక్క వారం, ఒక్కటంటే ఒక్క వారం ఎండ అన్లేదు."

"అప్పుడు నిజంగానే పడిందేమో ఆంటీ. కాలాలు మారలేదూ?"

"ఏం మారినా ఇలాగా? ఏట్లో నీళ్ళు మిలమిల్లాడుతున్నాయి. ఒడ్డున ఎటు చూసినా పూలు. ఈ ఊరి గురించి ఆ మనిషి నాకు వాన తప్ప ఇంకేం చెప్పలేదు. ఇంకెన్ని దాచారో!"

పోయి ఏడేళ్ళయిన భర్త మీద ఆవిడ అలిగి కూర్చున్నారు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదని శ్రీలత చెప్పింది. నవ్వాలో బాధపడాలో మాకు తెలియలేదు.

తొమ్మిదో రోజు వాన పడింది. శ్రీలత పిల్లాడికి స్నానం చేయించి బయటికి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మూడు గొడుగులూ మూలనే ఉన్నాయి. ఆంటీ లేరు. ఫోన్ సోఫా మీద ఉంది. ఫ్రెంచి ముక్క రాని మనిషి. శ్రీలత పిల్లాణ్ణి స్ట్రోలర్‌లో వేసి, పైన రెయిన్‌కోటు కప్పి, ఏటి గట్టు వెంట పరుగెడుతూ నాకు ఫోన్ చేసింది. ఇక్కడ సాయంత్రం, నేను వంట మధ్యలో ఉన్నాను. అంత దూరం నుంచి చెయ్యగలిగింది ఏమీ లేక, పొయ్యి ఆపి నిలబడ్డాను.

ముప్పావుగంట తర్వాత మళ్ళీ ఫోన్. "దొర్కింది తల్లీ. జర వీడియో సూడు."

బస్సు షెల్టరు. బెంచీ మీద ఆంటీ, నిలువునా తడిసి. పక్కన ఆవిడ ఈడు ఫ్రెంచి ముసలావిడ, కాళ్ళ దగ్గర ఉల్లికాడల సంచీ. ఆంటీ జాకెట్ చెయ్యి మడిచి ముంజేయి చాచి ఉన్నారు. ముసలావిడ కూడా కోటు చెయ్యి మడిచి ముంజేయి చాచింది. ఆంటీ తెలుగులో, ఆవిడ ఫ్రెంచిలో, ఇద్దరూ ఆకాశం వైపు చూపిస్తూ ఏకధాటిగా మాట్లాడేసుకుంటున్నారు. శ్రీలత చూస్తుండగా ఒక బస్సు వచ్చి ఆగి వెళ్ళిపోయింది. ముసలావిడ దాని వైపు చూడనైనా లేదు.

ఈలోగా వాన ఆగింది, ఎండ వచ్చింది, నేను పొయ్యి వెలిగించేలోపు మళ్ళీ తుంపర మొదలైంది. ఇక్కడ ఎప్పుడూ ఇంతేనా అని శ్రీలత ఫోన్‌లో అనువాదం పెట్టి అడిగింది. ఈ వారం రోజుల ఎండే వింత అని చెప్పింది ముసలావిడ. మామూలు రోజుల్లో నాలుగుసార్లు వాన, నాలుగుసార్లు ఎండ. ఎవరన్నా ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే తను తోచింది చెబుతుందట. కూతురు రావాలనుకుంటే ఎండ, కోడలు వస్తానంటే వాన.

ఆంటీ చాచిన చెయ్యి దించి శ్రీలత వైపు తిరిగారు.

"అంటే ఆయన ఫోన్ చేసే టయానికి ఏదైనా చెప్పుండచ్చు."

"ఆ, ఏదైనా చెప్పొచ్చు" అంది శ్రీలత.

"ఏరుకుని వాన చెప్పారు." తడి చేత్తో ముఖం తుడుచుకున్నారు. "హాయిగా ఉండుంటారమ్మా ఇక్కడ. ఈ గట్టు మీద నడిచుంటారు. నేను అక్కడ చంటాడితో ఒక్కదాన్నీ ఉంటే, తనకి హాయిగా ఉందని ఎలా చెప్తారు? ఆ మేష్టారి హాల్లో?"

తర్వాత ఫోన్‌లో నా వైపు తిరిగారు.

"నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ ఏడే మాకు తుఫాను వచ్చింది. పెంకులన్నీ లేచిపోయాయి. మోకాల్లోతు నీళ్ళలో పడి మేష్టారింటికి ఫోన్‌కి వెళ్ళాను. నీళ్ళోడుతున్న చీరతో నించుని 'ఇక్కడ ఎండగా ఉందండీ' అన్నాను. మేష్టారు పేపరు దించి నా వంక చూశారు."

అని నవ్వడం మొదలుపెట్టారు. విషయం ఏమిటో తెలియకపోయినా ముసలావిడ కూడా నవ్వింది. వాళ్ళిద్దర్నీ చూసి పిల్లాడు నవ్వాడు. ఆయాసం లేకుండా నవ్వాడు. శ్రీలత ఉండిపోవడానికే నిశ్చయించుకుంది.

ఆంటీ నెలకి తిరిగి వచ్చారు. ఆ తర్వాత రెండు చలికాలాలు మాత్రమే చూశారు. నడకలో మేమిద్దరమే మిగిలాం. జాకెట్ చెయ్యి మడవడం మానేశారు. నేనే ఎప్పుడైనా "ఇవాళ ఏ ఊరి చలి ఆంటీ?" అని కదిపితే "ఏదో ఒకటిలే" అనేవారు. దాని బదులు అంకుల్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆయన గురించి ఒక్క ముక్క చెప్పి ఎరగరు. ఆయన నిద్రలో లెక్కలు చెప్పేవారట. అరటికాయ వేపుడు చేసిన రోజు ఇంకెవరికీ మిగల్చేవారు కాదట.

ఒక రోజు ఎవరో పెద్ద కుక్కని తోలుకుంటూ మా పక్క నుంచి వెళ్ళారు.

"ఆయనకి కుక్కలంటే చచ్చే భయం" అన్నారు ఆంటీ. "స్ట్రాస్‌బర్గ్ బీరు ఫ్యాక్టరీలో వాచ్‌మన్ కుక్క ఒకటి వెంటపడితే, నిచ్చెన పట్టుకుని బాయిలర్ పైకెక్కి కూచున్నారట. ఎంతకీ పోదే! ఆఖరికి మధ్యాహ్నానికని తెచ్చుకున్న పులిహోర దాని ముందుకి విసిరారట. తినేసింది. మర్నాటి నుంచి టైముకి వచ్చి నిచ్చెన కింద కూచునేదట. ఏడాదంతా పొద్దున్నే లేచి దానికి కూడా కలుపుకెళ్ళారు ఆ మహానుభావుడు. వచ్చాక ఒక్కసారే చెప్పారు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని."

నవ్వు ఆపుకోలేక బెంచీ మీద కూలబడ్డారు. నేనూ కూర్చున్నాను. నీటిమడుగు మీద చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే పెద్దవయ్యాయి.

"ఆంటీ, వాన. లేవండి."

"పడనీ అమ్మాయ్, నువ్వు ముందిది విను. ఒక రోజు ఆయనకి చింతపండు అయిపోయింది..."